గీజర్ బిగించే ముందు అడగాల్సిన అంకెలు

చలి మొదలైతే ఎలక్ట్రీషియన్ల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "గీజర్ బిగించాలి, ఎంత తీసుకుంటారు?" జవాబు రూపాయల్లో వస్తుంది. కాసేపు బేరం నడుస్తుంది. సాయంత్రానికి గీజర్ గోడకెక్కుతుంది. నీళ్లు వేడెక్కితే పని అయిపోయినట్టే.

ఆ పనిలో రూపాయలకన్నా ముందు చూడాల్సిన అంకెలు అయిదున్నాయి. గీజర్ లాగే ఆంపియర్లు, గోడలోని వైరు మందం, దాన్ని కాపలా కాసే ఎంసీబీ రేటింగ్, ఇంటి ఎర్తింగ్ ఓమ్‌లు, లీకేజీని పసిగట్టే ఆర్‌సీసీబీ మిల్లీ ఆంపియర్లు. మొదటి మూడింట్లో లెక్క తప్పితే ప్లగ్గులు, వైర్లు కాలతాయి. చివరి రెండింట్లో తప్పితే ప్రాణం పోతుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకటించే ప్రమాద మరణాల లెక్కల్లో, కరెంటు షాక్‌తో చనిపోయినవాళ్లు ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 12 వేలకు పైనే ఉంటున్నారు. పొలం మోటార్ల దగ్గర, తెగిపడిన తీగల వల్ల పోయినవాళ్లు వీళ్లలో ఉన్నారు. ఇంట్లోనే పోయినవాళ్లూ ఉన్నారు. ఊళ్లో తెగిన తీగ మన చేతిలో లేదు. మన బాత్‌రూమ్ వైరింగ్ మన చేతిలోనే ఉంది.

ఈ లెక్కలకు కూడిక, గుణకారం, భాగహారం వస్తే చాలు.

వాట్లను 230తో భాగించండి

మన ఇళ్లకు వచ్చే సింగిల్ ఫేజ్ కరెంటు 230 వోల్టులు. పరికరం మీద రాసి ఉన్న వాట్లను 230తో భాగిస్తే అది లాగే ఆంపియర్లు సుమారుగా తెలుస్తాయి.

- సీలింగ్ ఫ్యాను, 75 వాట్లు: 0.3 ఆంపియర్లు
- మిక్సీ, 750 వాట్లు: 3.3 ఆంపియర్లు
- ఇస్త్రీ పెట్టె, 1000 వాట్లు: 4.3 ఆంపియర్లు
- బకెట్లో పెట్టే హీటర్ రాడ్, 1500 వాట్లు: 6.5 ఆంపియర్లు
- 15 లీటర్ల గీజర్, 2000 వాట్లు: 8.7 ఆంపియర్లు
- ఇండక్షన్ పొయ్యి, 2000 వాట్లు: 8.7 ఆంపియర్లు
- 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్, 3000 వాట్లు: 13 ఆంపియర్లు
- అదే ఇన్‌స్టంట్ గీజర్ 4500 వాట్ల రకం: 19.6 ఆంపియర్లు

మన దేశంలో ఇంటి ప్లగ్గులు రెండు కొలతల్లో వస్తాయి: చిన్నది 6 ఆంపియర్లు, పెద్దది 16 ఆంపియర్లు. ఫ్యాను, మిక్సీ, ఇస్త్రీ పెట్టె చిన్న ప్లగ్గుకు సరిపోతాయి. హీటర్ రాడ్ అప్పుడే గీత దాటింది. అడాప్టర్ తగిలించి రాడ్‌ను చిన్న ప్లగ్గులో పెట్టే ఇళ్లలో ఆ ప్లగ్గు గోధుమ రంగుకు తిరగడానికి కారణం ఇదే.

జాబితాలో చివరి రెండు వరుసలు మరోసారి చూడండి. 3 లీటర్ల బుల్లి గీజర్ 15 లీటర్ల పెద్ద గీజర్ కన్నా ఎక్కువ కరెంటు లాగుతోంది. పెద్దది నింపాదిగా వేడిచేసి నిల్వ ఉంచుతుంది. చిన్నదానికి అంత వ్యవధి లేదు. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 0.6 యూనిట్ కావాలి. 2000 వాట్ల గీజర్‌కు అది 18 నిమిషాల పని. 3 లీటర్ల నీటిని అంతే వేడికి తేవడానికి 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్‌కు రెండున్నర నిమిషాలు చాలు. ఆ తొందరకు గోడలోని వైరు 13 ఆంపియర్లు మోయాలి. 4500 వాట్ల రకమైతే 16 ఆంపియర్ల ప్లగ్గుకే సరిపోదు. దానికి విడిగా లైను లాగి, ప్లగ్గు లేకుండా నేరుగా డబుల్ పోల్ స్విచ్‌కు కలపాలి. "చిన్న గీజరే కదా, పాత పాయింట్‌కే పెట్టేద్దాం" అనే మాటకు ఈ లెక్క అడ్డుపడుతుంది.

గోడలో ఉన్నది ఏ వైరు?

వైరు మందాన్ని రాగి అడ్డుకోత వైశాల్యంలో చెబుతారు: 1, 1.5, 2.5, 4, 6 చదరపు మిల్లీమీటర్లు. దుకాణంలో అడిగేటప్పుడు "టూ పాయింట్ ఫైవ్", "ఫోర్ ఎంఎం" అంటాం. గోడలోపల పైపులో నడిచే వైరు వేడి బయటకు పోవడం కష్టం కాబట్టి, బయట గాలిలో ఉన్న వైరు మోసినంత కరెంటును అది మోయలేదు. కంపెనీ, ఇన్సులేషన్, పైపులో ఎన్ని వైర్లున్నాయనే దాన్ని బట్టి అంకెలు కొద్దిగా మారతాయి కానీ, పైపులో వేసిన ఇంటి వైర్లకు మోత ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది: 1 చదరపు మిల్లీమీటరుకు 11, 12 ఆంపియర్లు, 1.5కు 13 నుంచి 16, 2.5కు 18 నుంచి 22; 4కు 24 నుంచి 29.

2000 వాట్ల గీజర్‌కు 2.5 వైరు చాలు. 3000 వాట్ల గీజర్‌కూ అది సరిపోతుంది. దూరం ఎక్కువైతే 4 మేలు. 4500 వాట్లకైతే 4కు తగ్గకూడదు.

తక్కువ వైరు వేస్తే ఏమవుతుందో వాట్లలో చూద్దాం. బోర్డు నుంచి బాత్‌రూమ్‌కు వైరు నడిచే దారి 15 మీటర్లు అనుకుందాం. వెళ్లే తీగ, వచ్చే తీగ కలిపి 30 మీటర్లు. 13 ఆంపియర్లు నడిచేటప్పుడు 1 చదరపు మిల్లీమీటరు వైరు దారి పొడవునా దాదాపు 99 వాట్ల వేడిని గోడలోకి వదులుతుంది. 2.5 వైరైతే 40 వాట్లు. 4 వైరైతే 25 వాట్లు. కరెంటు బిల్లులో ఈ తేడా కనిపించదు. తేడా కనిపించేది ఇన్సులేషన్ ఆయుష్షులో. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారిన పీవీసీ గట్టిపడి, పెళుసుగా మారి, పగుళ్లిస్తుంది.

వైరు సరైనదే అయినా జాయింటు వదులైతే అదే గతి. ప్లగ్గు పిన్ను దగ్గర పదో వంతు ఓమ్ నిరోధం ఉందనుకోండి. కరెంటును అదే కరెంటుతో గుణించి, నిరోధంతో గుణిస్తే వేడి వస్తుంది: 13 × 13 × 0.1, దాదాపు 17 వాట్లు. గోరంత చోట 17 వాట్లంటే ప్లాస్టిక్ కరగడానికి చాలు. గీజర్ ప్లగ్గులు కాలిపోయినప్పుడు నింద సాధారణంగా గీజర్ మీద పడుతుంది. చాలాసార్లు అసలు కారణం బిగించని స్క్రూ.

వైరు బేరంలో పనికొచ్చే మరో అంకె 90. మన మార్కెట్లో ఇంటి వైరు చుట్ట సాధారణంగా 90 మీటర్లు. 15 మీటర్ల దారికి ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ కలిపి 45 మీటర్లు, అంటే అరచుట్ట. రెండు చుట్టలు కావాలని చీటీ వస్తే ఎందుకని అడగవచ్చు. ఎర్త్ తీగ అసలు చీటీలోనే లేకపోతే తప్పకుండా అడగాలి.

ఎంసీబీ వైరుకు కాపలా

ఎంసీబీ గీజర్‌ను కాపాడదు, మనిషినీ కాపాడదు. దాని పని వైరును కాపాడటం. అందుకే ఎంసీబీ రేటింగ్ వైరు మోతకు మించకూడదు. 2.5 వైరుకు 16, మంచి వైరై పైపులో రద్దీ లేకపోతే 20. 4 వైరుకు 20 లేదా 25.

16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటగానే పడిపోతుందనుకోవడం పొరపాటు. ప్రమాణాల ప్రకారం 1.13 రెట్ల కరెంటుకు, అంటే 18 ఆంపియర్లకు, అది గంటలోపు పడకూడదు. 1.45 రెట్లకు, అంటే 23 ఆంపియర్లకు, గంటలోపు పడాలి. ఇళ్లలో ఎక్కువగా వాడే 'సి' రకం ఎంసీబీ తక్షణం పడాలంటే 5 నుంచి 10 రెట్లు కావాలి. 16 ఆంపియర్ల దానికి ఖాయంగా పడే అంకె 160 ఆంపియర్లు. ఈ 160ని గుర్తుపెట్టుకోండి, ఎర్తింగ్ దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

గీజర్ వేసినప్పుడల్లా ఎంసీబీ పడిపోతోందని ఫిర్యాదు చేస్తే, దాన్ని తీసి 32 ఆంపియర్లది పెట్టి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. పడటం ఆగిపోతుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు. ఇప్పుడు ఆ 32 ఆంపియర్ల ఎంసీబీ 46 ఆంపియర్ల దాకా గంటసేపు ఊరుకోవచ్చు. కింద ఉన్న 1.5 వైరు మోయగలిగింది మహా అయితే 16. ఎంసీబీ పడుతోందంటే లోడు ఎక్కువైందనో, ఎక్కడో తప్పుందనో అది చెబుతోంది. చూడాల్సింది ఆ తప్పు.

తడి ఒంటికి 230 వోల్టులు

ఒంట్లోంచి అర మిల్లీ ఆంపియర్ వెళ్లినా కొందరికి చిమచిమలాడుతుంది. 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర కండరాలు బిగుసుకుని, పట్టుకున్నది వదలలేని స్థితి వస్తుంది. పిల్లలకు ఇంకా తక్కువకే వస్తుంది. 30, 40 దాటి కొంతసేపు నడిస్తే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది.

పొడి చర్మం కరెంటును బాగా అడ్డుకుంటుంది. స్నానంలో ఆ రక్షణ ఉండదు. చెయ్యి నుంచి తడి కాళ్ల దాకా ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లని తీసుకుంటే, 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు. ఒక ఆంపియరులో నాలుగో వంతు కూడా లేదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి ఇది ఒక బల్బు వెలిగినంత విషయం. దాని దృష్టిలో అసలు ప్రమాదమే జరగడం లేదు.

ఈ ఖాళీని పూరించేవి రెండు: ఎర్తింగ్, ఆర్‌సీసీబీ. మన ఇళ్లలో మొదటిదాని మీద నమ్మకం ఎక్కువ, రెండోదాని మీద శ్రద్ధ తక్కువ. అంకెలు చూస్తే ఈ వరుస తలకిందులవుతుంది.

ఎర్త్ గుంతలో దాగిన లెక్క

గీజర్ లోపల హీటింగ్ ఎలిమెంట్ పగిలి, ఫేజు బయటి ట్యాంకుకు తగిలిందనుకుందాం. ఎర్త్ తీగ ఉంటే కరెంటు దాని గుండా గుంతలోకి, అక్కడి నుంచి మట్టి గుండా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్‌కు చేరుతుంది. ఆ దారి నిరోధం తక్కువైతే పెద్ద కరెంటు నడిచి ఎంసీబీ పడిపోతుంది. పుస్తకంలో ఉన్న కథ ఇది.

ఇప్పుడు గుంత లెక్క. 40 మిల్లీమీటర్ల జీఐ పైపు రెండున్నర మీటర్లు భూమిలోకి దింపితే, దాని నిరోధం నేలను బట్టి ఉంటుంది. సూత్రం ప్రకారం, నేల నిరోధకత ఎన్ని ఓమ్-మీటర్లో అందులో మూడో వంతు ఓమ్‌లు వస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ వైపు మరో 2 ఓమ్‌లు కలుపుదాం.

- డెల్టాలోని తడి నల్లరేగడి లాంటి నేల, 10 ఓమ్-మీటర్లు: గుంత 3.3 ఓమ్‌లు. నడిచే కరెంటు 43 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ నిమిషంలోపు పడుతుంది. పడేదాకా ట్యాంకు మీద 143 వోల్టులు.
- ఓ మోస్తరు నేల, 30 ఓమ్-మీటర్లు: గుంత 10 ఓమ్‌లు. కరెంటు 19 ఆంపియర్లు. ఎంసీబీ గంటలోపు పడుతుందన్న హామీ లేదు. ట్యాంకు మీద 192 వోల్టులు.
- ఎండిన గరప నేల, 100 ఓమ్-మీటర్లు: గుంత 33 ఓమ్‌లు. కరెంటు 6.6 ఆంపియర్లు. ఎంసీబీ ఎప్పటికీ పడదు. ట్యాంకు మీద 217 వోల్టులు.

రాతి మీద ఉన్న హైదరాబాద్‌లో, రాయలసీమ గట్టు నేలల్లో అంకెలు ఈ మూడో వరుసను దాటిపోవచ్చు. ఉప్పు, బొగ్గు నింపి, నీళ్లు పోస్తూ ఉంటే, లేదా రెండు మూడు గుంతలు కలిపితే నిరోధం తగ్గుతుంది. వేసవిలో గుంత ఎండితే మళ్లీ పెరుగుతుంది. ఎంత తగ్గించినా, ఇందాకటి 160 ఆంపియర్లు నడిచి ఎంసీబీ తక్షణం పడాలంటే మొత్తం దారి నిరోధం 1.44 ఓమ్‌లు మించకూడదు. సొంత గుంతతో ఇంటి స్థాయిలో ఆ అంకె అందుకోవడం చాలా కష్టం.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీకి ఇంత పట్టింపు లేదు. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని మాత్రమే అది చూస్తుంది. తేడా 15 నుంచి 30 మిల్లీ ఆంపియర్ల మధ్య ఎక్కడో ఉండగా పడిపోతుంది. 30 దగ్గర 300 మిల్లీ సెకన్లలో పడాలి. 250 మిల్లీ ఆంపియర్ల స్థాయి లీకేజీకి 40 మిల్లీ సెకన్లలో పడాలి. దాన్ని బట్టి ఎర్తింగ్‌కు కావాల్సిన నాణ్యత లెక్కగట్టవచ్చు. తాకగలిగిన లోహం మీద 50 వోల్టులు దాటకుండా పడాలంటే 50ని 0.03తో భాగించాలి: 1667 ఓమ్‌లు. నేల ఎండుతుంది, తీగ తుప్పు పడుతుంది కాబట్టి ఆచరణలో వందల్లోకి పోకుండా చూసుకోవాలి. అయినా ఒకవైపు 1.44, మరోవైపు 1667. గరప నేలలోని 33 ఓమ్‌ల గుంత ఎంసీబీకి పనికిరాదు, ఆర్‌సీసీబీకి మాత్రం భేషుగ్గా సరిపోతుంది.

అలాగని ఎర్తింగ్ వద్దనుకోకూడదు. ఎర్త్ ఉంటే గీజర్‌లో లీకేజీ పుట్టిన క్షణంలోనే ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్త్ లేకపోతే ఎవరో ఒకరు ట్యాంకునో కుళాయినో తాకాక, వాళ్ల ఒంట్లోంచి నడిచిన కరెంటు చూసి పడుతుంది. చాలావరకు ప్రాణం నిలుస్తుంది, కానీ షాక్ తగిలాకే.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో ఇళ్లకు చెప్పిన లీకేజీ పరిమితి కూడా ఈ 30 మిల్లీ ఆంపియర్లే. అమెరికాలో ఉన్న మనవాళ్ల బాత్‌రూముల్లో ప్లగ్గు మీదే రెండు చిన్న బటన్లు కనిపిస్తాయి. అవి ఇంకా సున్నితం, 5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే పడిపోతాయి. అక్కడి విద్యుత్ కోడ్ 1975 నుంచి బాత్‌రూమ్ ప్లగ్గులకు వాటిని తప్పనిసరి చేసింది. మన మార్కెట్లోనూ 10 మిల్లీ ఆంపియర్ల రకం దొరుకుతుంది. బాత్‌రూమ్ లైనుకు విడిగా పెట్టుకోవచ్చు.

కొనేటప్పుడు పెట్టె మీద అంకె చూడండి. 100, 300 మిల్లీ ఆంపియర్ల రకాలూ ఉంటాయి. 300ది అగ్ని ప్రమాదాల నివారణకు, మనిషి రక్షణకు కాదు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి.

"పదే పదే పడిపోతోందని తీసేశాం"

ఆర్‌సీసీబీ ఉండి కూడా బైపాస్ చేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. కారణం అడిగితే ఈ మాటే వస్తుంది. పడటానికి తరచుగా కనిపించే కారణాలు మూడు.

మొదటిది, న్యూట్రల్ కలిసిపోవడం. ఆర్‌సీసీబీ దాటిన ఫేజు ఒక గదికి వెళ్లి, దాని న్యూట్రల్ ఆర్‌సీసీబీ బయటి పట్టీకి చేరితే లెక్క సరిపోదు. ఇన్వర్టర్ కొత్తగా పెట్టిన మర్నాటి నుంచి పడటం మొదలైతే ముందు అనుమానించాల్సింది దీన్నే. న్యూట్రల్ తీగలు విడదీస్తే సమస్య పోతుంది. ఓపికతో చేయాల్సిన పని కాబట్టి కొందరు ఆర్‌సీసీబీనే తీసేస్తారు.

రెండోది, నిజంగానే లీకేజీ. ఎలిమెంట్ గొట్టంలో తీగకూ లోహానికీ మధ్య నింపిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తేమ పీల్చుకుంటే లీకేజీ మొదలవుతుంది. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లు వాడే చోట ఎలిమెంట్ మీద తెల్లటి పొర మందంగా పేరుకుని, వేడి నీళ్లలోకి పోక అది పగులుతుంది. గీజర్ ప్లగ్గు పీకేస్తే పడటం ఆగిందా, దోషి దొరికినట్టే. మార్చాల్సింది ఎలిమెంట్.

మూడోది, చిల్లర లీకేజీల కూడిక. ఏసీలు, కంప్యూటర్లు, వాషింగ్ మెషిన్ తలా ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు వదిలితే, 30 రకం 15 దాటాక ఎప్పుడైనా పడవచ్చు. ఇంటి మొత్తానికి ఒకటే పెట్టే బదులు, గీజర్ లైనుకు ఎంసీబీ, ఆర్‌సీసీబీ కలిసి ఉండే ఆర్‌సీబీఓ ఒకటి విడిగా పెడితే, అది పడినా ఫ్రిజ్ ఆగదు.

మన బాత్‌రూమ్‌లో దూరాలు

మన స్నానాల గదుల్లో చాలావరకు తొట్టి ఉండదు, నేలంతా తడే. అలాంటి గదులకు అంతర్జాతీయ వైరింగ్ నియమాలు చెప్పే అంకెలు రెండు: గోడకు బిగించిన షవర్ నుంచి 1.2 మీటర్ల దూరంలోపు, నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు దాకా ప్లగ్గు ఉండకూడదు. అంటే నాలుగు అడుగుల దూరం, దాదాపు ఏడడుగుల అయిదంగుళాల ఎత్తు.

అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవున్న మామూలు అపార్ట్‌మెంట్ బాత్‌రూమ్‌లో ఒక చివర షవర్ ఉంటే, ప్లగ్గుకు మిగిలేది తలుపు వైపు మూడడుగులే. లేదంటే పైకప్పు దగ్గర, గీజర్ పక్కన. స్విచ్ మాత్రం తలుపు బయట ఉండాలి. అది ఫేజును, న్యూట్రల్‌ను రెండింటినీ తెంచే డబుల్ పోల్ స్విచ్ అయితే మంచిది. లోపల పెట్టే లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాను మీద ఐపీఎక్స్4 అని ఉంటే నీటి తుంపరలకు తట్టుకుంటాయి. బకెట్లో పెట్టే రాడ్ బాత్‌రూమ్‌లో వాడే వస్తువు కాదు. వాడక తప్పకపోతే బయట వేడిచేసి, ప్లగ్గు పీకాకే నీళ్లు ముట్టుకోవాలి.

ఎవరిని పిలవాలి, ఏమి అడగాలి

నిబంధనలు పనిని రెండుగా విడదీస్తాయి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ లాంటివి ఉన్న చోటే, సామర్థ్యం మార్చకుండా మార్చుకోవడం చిన్న పని. కొత్త లైను లాగడం, లోడు పెంచడం, ఉన్న వైరింగ్‌ను మార్చడం పెద్ద పని. పెద్ద పనిని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, పర్మిట్ ఉన్న వైర్‌మన్‌తో, కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ చూస్తుండగా చేయించాలి. పాత పాయింట్‌లో పాత గీజర్ తీసి అంతే వాట్లది పెట్టడం మొదటి రకం. 6 ఆంపియర్ల పాయింట్ ఉన్న చోట గీజర్ పెట్టడం రెండో రకం. ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఐటీఐ రెండేళ్ల కోర్సు. చదివారా అని అడగడంలో తప్పులేదు. వీధి దుకాణంలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషికి కాగితం లేకపోయినా పని రావచ్చు. అది తేల్చడానికి ఫోన్‌లోనే కొన్ని ప్రశ్నలున్నాయి.

"అన్నా, మెగ్గర్ ఉందా?" అని మొదలుపెట్టండి. 500 వోల్టులతో వైరు ఇన్సులేషన్‌ను కొలిచే పరికరం అది. పాత లైనుకు గీజర్ తగిలించే ముందు ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కనీసం 1 మెగాఓమ్ రావాలి. "ఎర్త్ ఎలా చూస్తావు?" అనేది రెండో ప్రశ్న. టెస్టర్ వెలిగితే చాలన్నారంటే జాగ్రత్తపడాలి. టెస్టర్‌లోని నియాన్ బల్బు మిల్లీ ఆంపియరు కన్నా తక్కువతోనే వెలుగుతుంది. ఎర్త్ బాగుందో లేదో దానికి తెలియదు. మల్టీమీటరు కొంత నయం: ఫేజు–ఎర్త్ మధ్య 230 దగ్గర, న్యూట్రల్–ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల లోపు చూపాలి. అయితే అదీ తక్కువ కరెంటుతో కొలిచేదే కాబట్టి, తుప్పు పట్టిన ఎర్త్ తీగ మీదా 230 చూపించగలదు. ఎర్త్ టెస్టరో, లూప్ టెస్టరో ఉన్నవాళ్లు ఓమ్‌లలో జవాబు చెప్పగలరు.

చీటీ రాయించుకునేటప్పుడు కూలి, సామాను విడివిడిగా ఉండాలి. వైరు కంపెనీ, మందం, మీటర్లు. ఎంసీబీ, ఆర్‌సీసీబీ రేటింగులు. గోడకు గాడి కొడితే ప్లాస్టరింగ్ ఎవరిది అన్నవి రాసి ఉండాలి. పాయింట్‌కు ఇంతని రేటు చెబితే, గీజర్ పాయింట్‌ను లైటు పాయింట్ లెక్కలో కలిపారో లేదో చూడండి. వైరు మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 694 అని అచ్చు వేసి ఉంటుంది, చుట్ట విప్పే ముందే చదవవచ్చు.

పాత ఇల్లయితే కరెంటు బిల్లు కూడా ఒకసారి చేతిలోకి తీసుకోండి. ఒక కిలోవాట్ లోడుతో ఎప్పుడో తీసుకున్న కనెక్షన్ మీద ఇప్పుడు ఏసీ, గీజర్, ఇండక్షన్ పొయ్యి నడుస్తుంటే, లోపలి వైరింగ్ ఎంత బాగున్నా సర్వీసు వైరు ఇబ్బంది పడుతుంది. లోడు పెంచమని డిస్కంకు దరఖాస్తు చేయాలి. ఏపీలోనూ తెలంగాణలోనూ ఫిర్యాదుల నంబరు 1912.

డబ్బిచ్చే ముందు పది నిమిషాలు

పని అయ్యాక ఎలక్ట్రీషియన్ ఉండగానే అయిదు పనులు చేయించండి.

- ఆర్‌సీసీబీ మీద 'టి' బటన్ నొక్కితే వెంటనే పడాలి. ఆ తర్వాత కంపెనీ చెప్పిన వ్యవధి ప్రకారం, కనీసం మూడు నెలలకోసారి మీరే నొక్కండి. ఈ బటన్ లోపలి యంత్రాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, ఎర్త్ సంగతి చెప్పదు.
- ప్లగ్గుకు ఎదురుగా నిలబడితే పై పెద్ద కన్నం ఎర్త్, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. మీటరుతో చూపించమనండి.
- స్విచ్ ఆపాక ప్లగ్గులో ఎక్కడా ఫేజు కనిపించకూడదు. కనిపిస్తే స్విచ్‌ను న్యూట్రల్‌లో పెట్టారని అర్థం. గీజర్ ఆగినట్టే ఉంటుంది, లోపల 230 వోల్టులు అలాగే ఉంటాయి.
- గీజర్ పూర్తిగా నీళ్లు నింపి, వేడెక్కేదాకా నడిపించండి. స్విచ్ ఆపి ప్లగ్గు పీకి తాకితే గోరువెచ్చగా ఉండవచ్చు, వేలు పెట్టలేనంత వేడి ఉంటే జాయింటు మళ్లీ బిగించాలి.
- బోర్డు మూతలోపల అయిదు అంకెలు, తేదీ మార్కర్‌తో రాయించండి: గీజర్ వాట్లు, వైరు మందం, ఎంసీబీ, ఆర్‌సీసీబీ, కొలిచిన ఎర్త్ ఓమ్‌లు. తర్వాత వచ్చే మనిషికి గంట పని తగ్గుతుంది.

అద్దె ఇంట్లో ఉంటూ అన్నీ మార్చించే వీలు లేనివాళ్లు, ఒకేసారి అంత ఖర్చు పెట్టలేనివాళ్లు ఒక వరుస పాటించవచ్చు. మొదటి ఖర్చు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మీద పెట్టండి. పాత వైరింగ్‌లోనూ, బలహీనమైన ఎర్త్ మీదా అది పనిచేస్తుంది. తర్వాత ఎర్త్ తీగ గీజర్ దాకా తెగకుండా ఉందో లేదో చూపించండి. మూడోది, వైరుకు తగిన ఎంసీబీ. నాలుగోది, వైరు మార్పు. గీజర్ ఏ కంపెనీది, ఎన్ని లీటర్లు, ఎన్ని నక్షత్రాలు అన్న చర్చ అయిదో స్థానంలో ఉండాల్సింది. మన ఇళ్లలో అది మొదటి స్థానంలో ఉంటుంది, ఆర్‌సీసీబీ బేరంలో తగ్గించే వస్తువుల్లో ఉంటుంది.